ఇంటిలోని మొక్కకు ఎంత వెలుగు చాలును?

బీర్పూర్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల శ్రోతలు వ్రాయు జాబులలో ఈ మధ్య ఒక క్రొత్త ప్రశ్న తరచుగా కనబడుచున్నది. ఇంటిలోపల ఒక మూల నాలుగు తొట్లలోనో, చిన్న బల్లమీదనో కొత్తిమీర, మెంతికూర, పాలకూర, తులసి పెంచదలచినవారు, అచ్చట ఎండ చాలనందున విద్యుద్దీపము పెట్టదలచి, "ఎన్ని వాట్ల దీపము కొనవలెను?" అని అడుగుచున్నారు. ప్రశ్న చిన్నదే. కాని దీనికి అంగడివారు చెప్పు సమాధానము ఒకటి, దీపము పెట్టెమీద అచ్చువేసిన సమాధానము మరియొకటి, మొక్క చెప్పు సమాధానము వేరొకటి. మేము మొక్క పక్షమున మాటలాడదలచితిమి.

ముందుగా ఒక మాట. మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 19వ అక్షాంశమున నున్నది. ఏప్రిల్, మే నెలలలో ఇచ్చట ఆరుబయట ఒక చదరపు మీటరు నేలపై దినమంతయు పడు ఎండ శక్తిని విద్యుత్తు లెక్కలోనికి మార్చినచో ఆరు యూనిట్ల ప్రాంతమున తేలును. ఇంత వెలుగు ఉచితముగా కురియుచుండగా దీపమునకు రొక్కము పోయుట ఎందులకు? బీర్పూరులో లక్ష్మీనరసింహస్వామి గుట్ట చుట్టుప్రక్కల వాకిలి, పెరడు గల ఇండ్లవారికి ఈ ప్రసంగముతో ఎక్కువ పని లేదు. తొట్టిని నాలుగడుగులు ఎండలోనికి జరుపుటకు మించిన ఉపాయము వారికి మేము చెప్పజాలము.

అయితే అందరికిని వాకిలి లేదు. పట్టణపు ఇరుకు సందులలో ఇరుగుపొరుగు గోడల నడుమ నున్న ఇండ్లు గలవు. మేడమీద అద్దెకుండువారికి ఒకే కిటికీ గల అర్ర దక్కును. సిరిసిల్లలో మరమగ్గములు, అనగా స్థానికులు సాంచెలందురే అవి, ఇంటినంటియున్న కొట్టములలో నడుచుచున్నచోట నివాసమునకు మిగులునది లోపలి చీకటి భాగమే. అట్టి ఇంటిలో ముసలితనమున మెట్లు దిగలేని ఒక తల్లి, కన్నులయెదుట నాలుగు పచ్చని ఆకులు కనబడవలెనని కోరినచో ఆ కోరిక అన్యాయమైనది కాదు. ఇది ఆమె కొరకును, ఆమెవంటి వారి కొరకును వ్రాయుచున్నాము.

దీపము కొనుటకు ముందు ఉన్న కిటికీ ఏ దిక్కునకు తెరచియున్నదో చూడవలెను. తూర్పు కిటికీ ఉదయపు ఎండ నిచ్చును. ఇది మొక్కలకు మిక్కిలి హితమైనది. దక్షిణపు కిటికీ కథ చిత్రమైనది. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిశయందు సుమారు 48 డిగ్రీల ఎత్తుననే యుండును గావున ఎండ ఏటవాలుగా గదిలోనికి ప్రవేశించును. మే నెల నడుమ నుండి జులై చివరి వరకు సూర్యుడు నడినెత్తిననో, అంతకు కొంచెము ఉత్తరముననో నుండును గావున అదే కిటికీనుండి మధ్యాహ్నము ఎండ చుక్కయైనను లోనికి రాదు. చలికాలమంతయు ఏపుగా పెరిగిన తులసి వేసవిలో పాలిపోయినచో నీటిని, ఎరువును తప్పుపట్టుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

ఇక అసలు విషయము. ఈ వ్యవహారమున మనలను మోసగించునది మన కన్నే. రాత్రి దీపము వెలిగించిన గది మనకు వెలుగుతో నిండినట్లు తోచును. అచ్చట పత్రిక చదువుకొందుము, సూదిలో దారమెక్కింతుము. కొలిచి చూచినచో అట్టి గదిలోని వెలుగు 100 నుండి 200 లక్సుల వరకే యుండును. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు. రెంటికిని నడుమ ఐదువందల నుండి వేయి రెట్ల భేదము కలదు. కాని మన కనుపాప చీకటిలో విప్పారి, వెలుగులో ముడుచుకొని, లోపలి రెటీనా సైతము తన గ్రహణశక్తిని మార్చుకొని, ఈ భేదమును మనకు దాదాపుగా తెలియనీయదు. ఆకునకు అట్టి వెసులుబాటు లేదు. దానిపై ఎంత వెలుగు పడిన అంతే ఆహారము.

వెలుగును శాస్త్రజ్ఞులు కణములుగా లెక్కింతురు; వాటికి ఫోటానులని పేరు. ఆకు తన ఆహారమును వండుకొనుటకు ఈ కణములే వంటచెరకు. ఒక్కొక్కటి లెక్కించుట అసాధ్యము గనుక, మనము పండ్లను డజనులుగా లెక్కించినట్లు వారు వీటిని "మోల్" అను పెద్ద లెక్కతో లెక్కింతురు. ఒక చదరపు మీటరుమీద ఒక దినమున ఎన్ని మోళ్ల వెలుగు పడినదో తెలిసినచో ఆ మొక్క కడుపు నిండినదో లేదో చెప్పవచ్చును.

ఇచ్చట వానతో పోలిక చెప్పిన సుబోధకముగా నుండును. చినుకు ఇప్పుడు ఎంత బలముగా పడుచున్నదనునది ఒక ప్రశ్న. తెల్లవారి రేడియోలో చెప్పునట్లు ఇరువదినాలుగు గంటలలో ఎన్ని సెంటీమీటర్ల వాన కురిసినదనునది వేరొక ప్రశ్న. పొలమునకు కావలసినది రెండవ లెక్క. దీపము కాంతి మొదటి లెక్క. దానిని వెలిగిన గంటలతో గుణించినచో రెండవ లెక్క వచ్చును. బలహీనమైన దీపము ఎక్కువ గంటలును, బలమైన దీపము తక్కువ గంటలును వెలిగినచో మొక్కకు దాదాపు ఒకే భోజనము దక్కును. దీపము శక్తిని గంటలతో ముడిపెట్టక విడిగా చెప్పు సలహా ఏదైనను సగము సలహాయే.

ఏ మొక్కకు ఎన్ని మోళ్లు కావలెను? మా ప్రాంతపు వేసవి ఎండలో ఆరుబయట దినమునకు సుమారు 45 మోళ్లు పడును. మబ్బు క్రమ్మిన శ్రావణమాసపు దినములలో అందులో సగమైనను పడకపోవచ్చును. మనీప్లాంటు వంటి నీడ మొక్కలు 2, 3 మోళ్లతో ప్రాణము నిలుపుకొనును. నారుమడిలోని లేత మొలకలకు 8 నుండి 10 వరకు చాలును. కొత్తిమీర, మెంతి, పాలకూర వంటి ఆకుకూరలు 12 మోళ్ల ప్రాంతమున చక్కగా పెరుగును. తులసికి అంతకు కొంచెము ఎక్కువైన మేలు. మిరప, టమాట, వంగ కాయలు కాయవలెనన్నచో 20 నుండి 30 వరకు కావలెను. ఇప్పుడు వెనుకటి గది దీపమును తీసికొందము. 150 లక్సుల వెలుగు పదునారు గంటలు వెలిగినను మొక్కకు దక్కునది మోల్‌లో ఎనిమిదవ వంతు మాత్రమే. కొత్తిమీరకు కావలసిన దానిలో ఇది నూరవ పాలు. ఆ మొలక వెలుగును వెదకుకొనుచు సన్నగా, తెల్లగా, పొడవుగా సాగి ఒకనాడు తలవాల్చును. దానిని చూచి "విత్తనము మంచిది కాదు" అనుకొనువారు పెక్కుమంది.

ఒక ఉదాహరణము గైకొందము. నాలుగడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు గల బల్ల యొకటి కలదనుకొందము. దానిమీద వరుసగా తొట్లు పెట్టి, పైన ఎల్.ఇ.డి. ట్యూబులైట్లు బిగింపవలెను. అంగడిలో దొరకు 20 వాట్ల తెల్లని ట్యూబులైటు సుమారు 2,000 ల్యూమెనుల కాంతి నిచ్చును. అందులో కొంత ప్రక్కలకు చెదరిపోగా, పదింట ఏడు వంతులు బల్లమీద పడినదని లెక్క వేయుదము. పదునారు గంటలు వెలిగినచో ఒక్కొక్క ట్యూబులైటు ఆ బల్లకు దినమునకు సుమారు 3 మోళ్ల వెలుగు నిచ్చును. ఈ యొక్క అంకెను జ్ఞాపకముంచుకొనినచో మిగిలినది చిన్నపిల్లల కూడికయే. మనీప్లాంటునకు ఒకటి. మిరప, టమాట నారునకు మూడు. ఆకుకూరలకు నాలుగు. అంతకు రెండింతలు వెడల్పు గల బల్లకు రెండింతలు.

మిరప కాయవలెనన్నచో ఏడు లేక ఎనిమిది ట్యూబులైట్లు కావలెను. మా అభిప్రాయమున ఆ ప్రయత్నము వలదు. ఎండలో ఊరకనే కాయు మిరపకు గదిలో నెలనెలా డెబ్బది యూనిట్ల విద్యుత్తు పోయుట కూడని పని. దీపము క్రింద నారు పెంచి, ఆపై ఎండలోనికి పంపుట తెలివైన మార్గము. అదియును ఒక్కసారిగా గాక, వారముదినములు నీడపట్టున కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేసి పంపవలెను. ఏ విత్తనము మన నేలకు తగినదన్న సందేహము గలవారికి జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానము ఉండనే యున్నది.

మొక్కల కొరకే తయారుచేసిన దీపములు కూడ కలవు. వాటిలో మంచివి ఒక వాటు విద్యుత్తునకు సాధారణ ట్యూబులైటు ఇచ్చు కాంతికణములకంటె రమారమి ఒకటిన్నర నుండి రెండింతల వరకు ఇచ్చును. కావున 80 వాట్ల ట్యూబులైట్లు చేయు పనిని 45, 50 వాట్ల మంచి దీపము చేయును. వెల మాత్రము ఎక్కువ. ఏడాదిపొడుగునను వెలిగించువారికి ఆ వెల విద్యుత్తు ఆదాయో రూపమున తిరిగి రావచ్చును. వర్షాకాలమున రెండు నెలలు నారు పెంచుకొనువారికి ట్యూబులైట్లే చాలును.

ఈ దీపముల పెట్టెలమీద వ్రాతను గూర్చి హెచ్చరింపక తప్పదు. "1000 వాట్లు" అని పెద్ద అక్షరములతో అచ్చువేసిన దీపము వాస్తవముగా నూరు వాట్లను మాత్రమే తీసికొనుట కద్దు. పాతకాలపు ఏదో దీపముతో పోల్చి ఆ పెద్ద అంకెను వేయుదురు. పెట్టె అడుగునగాని, దీపము వెనుకగాని చిన్న అక్షరములలో నుండు అసలు వినియోగమును చదువవలెను. ఉత్తమమైన తయారీదారులు సెకనునకు ఎన్ని మైక్రోమోళ్ల కాంతి వెలువడునో కూడ ముద్రింతురు. ఆ అంకెను వాట్లతో భాగించినచో రెండున్నరకు పైబడి వచ్చినది మంచి దీపము. ఆ అంకెయే లేనిచోట వెల తగ్గించి అడుగుటకు కొనువారికి హక్కు కలదు.

మరియొక అపోహ పొలముల నుండి వచ్చినది. తెలుగునాట డ్రాగన్ పండ్ల తోటలలో చలికాలపు రాత్రులు వరుసలుగా చిన్న దీపములు వెలుగుట పలువురు చూచియుందురు. బెంగుళూరు ప్రాంతమున చామంతి మడులలోను అట్లే దీపములు కట్టుదురు. "అంతటి తోటకు అంత చిన్న బల్బు చాలినప్పుడు మా రెండు తొట్లకు చాలదా?" యని అడుగుట సహజమే. కాని ఆ దీపము అన్నము కాదు, గడియారము. అమెరికాలో గార్నర్, అలార్డ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు పగలు, రాత్రుల నిడివిని బట్టి మొక్కలు పుష్పించు కాలమును నిర్ణయించుకొనునని 1920లో ప్రకటించిరి. రాత్రి నడుమ కొంచెము వెలుగు పడినను డ్రాగన్ మొక్క వేసవి వచ్చినదనుకొని పూతకు వచ్చును. చామంతి ఇంకను దీర్ఘదినములే యనుకొని పూతను వాయిదా వేయును. దానికి పిసరంత వెలుగు చాలును. వాటి ఆకలిని తీర్చుచున్నది పగటి సూర్యుడే. గదిలోని మొక్కకు ఆ సూర్యుడు లేడు గనుక దీపమే అన్నము పెట్టవలెను.

దీపముతో మొక్కను పోషింపవచ్చునన్న ఆలోచన క్రొత్తది గాదు. విలియం సీమెన్స్ అను ఇంజనీరు తన తోటలో విద్యుత్ ఆర్కు దీపము క్రింద మొక్కలను పెంచి, ఫలితములను 1880లో లండనులోని రాయల్ సొసైటీ యెదుట వివరించెను. ఆ దీపము వేడికి, ఖర్చునకు సామాన్యులు తాళజాలకపోయిరి. నీలివర్ణపు ఎల్.ఇ.డి. రూపొందిన పిదప తెల్లని ఎల్.ఇ.డి. సాధ్యమై, ఈ విద్య మన ఇండ్లలోనికి వచ్చినది. ఆ నీలి దీపమునకే 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

రంగు ప్రసక్తి వచ్చినది గనుక ఊదారంగు దీపముల మాట చెప్పుదము. ఎరుపు, నీలము కలిపిన ఈ దీపములే మొక్కలకు ప్రత్యేకమైనవని అంగడులలో చెప్పుదురు. పత్రహరితము ఆ రెండు రంగులను ఎక్కువగా గ్రహించుట నిజము. కాని మెక్రీ అను శాస్త్రజ్ఞుడు 1972లో ప్రకటించిన పరిశీలనలలో ఆకులు ఆకుపచ్చని వెలుగును సైతము చాలవరకు ఆహారమునకు వినియోగించుకొనుట తేలినది. తెల్లని దీపములో అన్ని రంగులును కలవు. పైగా ఊదా వెలుగులో ఆకు పండుబారినదో, తెగులు తగిలినదో కన్నులకు తెలియదు. ఇంటిలో మనుష్యులు కూడ నివసింతురు గదా! తెల్లని దీపమే మా సిఫారసు.

దీపము ఎంత ఎత్తున నుండవలెను? ఒంటరి బల్బును అడుగు దూరము నుండి రెండడుగులకు జరిపినచో మొక్కపై పడు వెలుగు సగము గాదు, నాలుగవ వంతునకు పడిపోవును. పొడవైన ట్యూబులైట్లను ప్రక్కప్రక్కన బిగించినచోట ఈ తరుగుదల అంత తీవ్రముగా నుండదు. ఆకుల కొనలకు ఎనిమిది నుండి పన్నెండు అంగుళముల ఎత్తు సామాన్యముగా సరిపోవును. మొక్క పెరిగిన కొలది దీపమును పైకి జరుపునట్లు గొలుసులతో వ్రేలాడదీయవలెను. బల్లకు వెనుకను ప్రక్కలను తెల్లని అట్ట నిలిపినచో చెదరిపోవు వెలుగు తిరిగి మొక్కలమీదికి మరలును. ఖర్చు లేని లాభమిది.

కొలుచుకొనవలెనన్న కుతూహలము గలవారు చేతి ఫోనులో లక్సులను చూపు సాధనమును వాడవచ్చును. అది స్థూలమైన కొలతయే, అయినను కంటికంటె నమ్మదగినది. ఫోనును ఆకుల ఎత్తున పైకి చూచునట్లుంచి అంకె చూడవలెను. తెల్లని ఎల్.ఇ.డి. వెలుగు వేయి లక్సులు పదునాలుగు గంటలు వెలిగినచో సుమారు 0.7 మోల్. అనగా ఆకుకూరలకు పదునాలుగు గంటల దీపము క్రింద 16, 17 వేల లక్సులు, నారునకు 11 నుండి 14 వేల లక్సులు కనబడవలెను. బల్ల నడుమ ఎక్కువయు, కొనలయందు తక్కువయు నుండుట తప్పదు. కావున రెండు మూడు దినముల కొకసారి తొట్ల స్థానములను మార్చుచుండవలెను.

ఇరువదినాలుగు గంటలును వెలిగించినచో మరింత పెరుగునని కొందరనుకొందురు. అట్లు చేయరాదు. దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటల చీకటి చాల మొక్కలకు మేలు చేయును. కొన్ని, ముఖ్యముగా టమాట, నిరంతరపు వెలుగులో ఆకులు పాలిపోయి చెడిపోవును. వెలుగు మరీ ఎక్కువైన గుర్తులు కూడ చూచుచుండవలెను: దీపమునకు దగ్గరగా నున్న ఆకులు తెల్లబారుట, అంచులు పైకి ముడుచుకొనుట. అప్పుడు దీపమును నాలుగంగుళములు పైకెత్తిన చాలును.

మన వేసవిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. దీపము తీసికొను విద్యుత్తు దాదాపు అంతయు చివరకు గదిలో వేడిగా మారును. మే నెలలో ఇచ్చట పగటి వేడిమి 43, 44 డిగ్రీలు దాటు దినములలో మూసిన అర్రలో మరి 80 వాట్ల వేడి చేర్చినచో కొత్తిమీర మొలకెత్తుటయే కష్టము. ఆ దినములలో మొక్క పగటిని రాత్రిగాను, రాత్రిని పగలుగాను మార్చుట ఉపాయము. సాయంకాలము ఆరు గంటలకు వెలిగించి ఉదయము ఎనిమిది గంటలకు ఆర్పినచో చల్లని వేళ వెలుగు, వేడి వేళ విశ్రాంతి దక్కును. మొక్కకు గోడమీది గడియారముతో పని లేదు. అయితే మనుష్యులు నిదురించు గదిలో ఇది పనికిరాదు. కాలనియంత్రణ చేయు స్విచ్చు నొకదానిని వంటయింటిలోనో, నడవలోనో అమర్చుకొనవలెను.

ఖర్చు సంగతి. నాలుగు ట్యూబులైట్లు, అనగా 80 వాట్లు, దినమునకు పదునారు గంటలు వెలిగినచో నెలకు 38 యూనిట్లు. సిరిసిల్లలో 1970 నాటి సహకార విద్యుత్ సరఫరా సంఘము, అనగా "సెస్" క్రింద నున్నవారికైనను, ఇతరులకైనను యూనిట్ల లెక్క ఒక్కటే. 2024లో అమలులోనికి వచ్చిన గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన ఇండ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ ఇంటిలో ఇప్పటికే 170 యూనిట్లు కాలుచున్నచో ఈ 38 చేరి హద్దు దాటును. బిల్లు చెల్లింపవలసి వచ్చును. కావున దీపము బిగించుటకు ముందు గత మూడు నెలల బిల్లులను తీసి చూడుడు. హద్దునకు చేరువలో నున్నవారు బల్లను సగమునకు తగ్గించి, రెండడుగుల ట్యూబులైట్లతో 19 యూనిట్లలో ముగించుకొనవచ్చును. సంతలో కొత్తిమీర కట్ట చౌకగా దొరకు చలికాలమున ఈ బల్ల డబ్బు మిగుల్చదని ముందే చెప్పుచున్నాము. ధర మండిపోవు వేసవిలో కొంత మిగుల్చును. మిగతా కాలమున అది ఇంటిలోని పచ్చదనమునకు మనము చెల్లించు వెల.

చివరిదగు సూచన మా వృత్తికి సంబంధించినది. చౌకరకపు ఎల్.ఇ.డి. దీపములలోని విద్యుత్ పరికరము కొన్ని సందర్భములలో రేడియోలో, ముఖ్యముగా మీడియం వేవు మీద, బరబరమను శబ్దమును పుట్టించును. క్రొత్త దీపమును అంగడిలో పరీక్షించునప్పుడే చేతి రేడియో నొకదానిని మీడియం వేవులో పెట్టి దానికి గజము దూరమున నుంచి వినుడు. శబ్దము వచ్చినచో ఆ దీపమును మార్చి ఇమ్మని అడుగుడు. ఇదివరకే కొనియున్నచో దీపమును, రేడియోను వేర్వేరు గదులలో నుంచి, రెంటికిని వేర్వేరు ప్లగ్గులు వాడినచో చాలవరకు ఆ బాధ తగ్గును.